పురుగుకు పట్టిన దీపం

మా బావ మునిప్రసాద్‌కు మనుషుల మొహాలు తీసి తీసి విసుగొచ్చిందట. అది ఆయన మాట. నిజమేమిటంటే, చిత్తూరులో ఆయన పెట్టిన స్టూడియోకు మనుషులే రావడం మానేశారు. చేతిలో ఫోను ఉన్నాక స్టూడియో గడప ఎవరు తొక్కుతారు? షట్టరు దించేసి, కెమెరా మెడలో వేసుకుని, బంగారుపాళ్యం పక్కన మా అక్క పంకజాక్షి పెంచిన మామిడితోటకు చేరాడు. చేరి పాదు తవ్వాడా, నీళ్లు కట్టాడా? చీమల ఫోటోలు మొదలుపెట్టాడు.

చీమకు వెలుగు చాలడం లేదట. లెన్సు దగ్గరికి తీసుకుపోతే లెన్సు నీడే దాని మీద పడుతుందట. రింగు లైటు కొనడం ఆయన స్థాయికి తగదు కాబట్టి సొంతంగా చేస్తానన్నాడు. అక్క దోసెపిండి డబ్బా మూతకు నడుమ లెన్సు పట్టేంత బొక్క కోశాడు. చుట్టూ ఆటోలకు అంటించే ఎల్‌ఈడీ పట్టీ అతికించాడు. వెలుగు కళ్లలో గుచ్చకుండా పైన పెళ్లిపత్రికలోని పల్చటి కాగితం కప్పాడు. తీగలకు టంకం పెట్టేటప్పుడు వేలు కాల్చుకుని ఊరంతా వినపడేలా అరిచాడు. ఇంత ఘనకార్యానికి పన్నెండు వోల్టుల బ్యాటరీ కావాలి. ఇంట్లో ఉన్నది ఒకటే, చెట్లకు మందు కొట్టే స్ప్రేయర్లో. దాన్ని ఊడదీశాడు.

మా వైపు తోటల్ని పూత మీదే వ్యాపారులకు ఇచ్చేస్తాం. వ్యాపారి పూత చూసి ఒప్పుకుంటే, ఆపైన మందూ కాపలా కోతా అన్నీ అతనివే. ఒప్పుకోకపోతే ఆ కష్టమంతా మనదే. కిందటి వేసవిలో అక్క మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పోయింది. సొన తగిలి వేళ్లు పొక్కి, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. ఈసారి తోట పూత మీద పోతే మళ్లీ ఆ గేటు తొక్కనని గంగమ్మకు మొక్కుకుంది. చెట్లు కూడా విరగబూశాయి.

"మందు కొట్టల్లయ్యా, పూతకు తేనెమంచు పురుగు దిగతా ఉండాది," అంది అక్క.

"బ్యాటరీ లైటుకు పెట్టినా కదా. రెండు దినాలు ఆగు. పురుగు సచ్చిపోతే ఫోటో ఏం తీసేది?" అన్నాడు బావ.

"పురుగుకు పెళ్లిచూపులా బావా?" అన్నాను నేను.

"నీకు కళ తెలీదు లేరా."

తెలీదు, నిజమే. తెలిసినవాళ్ల సంసారం ఎట్లా ఉంటుందో చూస్తూనే ఉన్నాను. అక్క పక్క తోటలవాళ్లను స్ప్రేయరు అడిగింది, కానీ పూతకాలంలో ఎవరిది వాళ్లకే చాలదు. రెండు దినాలు వారమైంది.

అప్పుడు దామలచెరువు నుంచి చెంగల్రాయులనే వ్యాపారి వచ్చాడు. గట్టు మీద నిలబడి తోటంతా ఒకసారి చూసి, ఇంటికొచ్చి మజ్జిగ తాగి, "వక్కాకు తీసుకురామ్మా," అన్నాడు. తాంబూలం అడిగాడంటే బేరం కుదిరినట్టే. అక్క సంబరంగా లోపలికి పోయింది.

ఆ కాస్త సందులో బావ కెమెరా తెచ్చాడు. "సూడన్నా, రెక్క మీద నరాలు కూడా కనపడతా ఉండాయి."

చెంగల్రాయులు కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. "ఏందప్పా ఇది?"

"తేనెమంచు పురుగన్నా. మన తోటలోదే. ఒక్కొక్క గుత్తిలో ఎన్ని ఉండాయో సూడు."

తర్వాతి ఫోటో చూపించాడు. ఆ తర్వాతిది కూడా. వెలుగు బ్రహ్మాండంగా పడింది, అది మాత్రం ఒప్పుకోవాలి. నేను మోచేత్తో పొడిస్తే, తెర మీద నీడ పడుతోంది జరగమన్నాడు.

అక్క పళ్లెంతో వచ్చేసరికి వ్యాపారి చెప్పులు వేసుకుంటున్నాడు. "దూరం నుంచి బాగుండాదనుకుంటినమ్మా. మళ్లొస్తాలే," అన్నాడు. రాలేదు. ఇంకొకరిని పిలుద్దామనేసరికి పూత నల్లబడి రాలిపోయింది. రాలిన పూతనూ మా బావ ఫోటో తీశాడు. ఇల్లు కాలి ఒకరేడుస్తుంటే చుట్టకు నిప్పడగడమంటే ఇదే. ఫోటో బాగుందని వ్యాపారి ఒక్క మాటా అనలేదని ఆయన బాధ.

కోతల కాలానికి అక్క మళ్లీ ఫ్యాక్టరీకి పోయింది. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి గడపలో కూర్చుని వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటోంది. తోలు ఊడి లోపలి ఎరుపు కనిపిస్తోంది. బావ లోపల్నుంచి లైటు తగిలించిన కెమెరాతో వచ్చాడు.

"పంకజా, ఆ ఏలు ఒకసారి ఇట్ల పెట్టు."

నాకు ఒళ్లు మండిపోయింది. కెమెరా లాక్కోబోయాను.

"తీసుకోనీరా," అంది అక్క, చెయ్యి చాపుతూ. "ఈయనకు దేన్నయినా అంత పెద్దది చేస్తేనే కనపడేది. ఇదన్నా కనపడనీ."

బావ వంగి తీశాడు. తెర దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. అక్క చెయ్యి వెనక్కి తీసుకోకుండా ఆయన మొహమే చూస్తోంది.

"కదిలినావు పంకజా," అన్నాడు. "ఇంకోటి తీస్తా, ఆడే పెట్టు."