టైరులో నెత్తళ్లు

భీమిలి దారిలో ఒకవైపు సముద్రం, మరోవైపు కొండలు. భూపాలపల్లి నుంచి సైకిల్ యాత్రగా వచ్చిన మా నలుగురి సైకిళ్లలో నాదే ముందుంది. దిగుడులో రోడ్డు సగం మేర ఏదో ఆరబోసి ఉంది. మా ఊరు టేకుమట్లలో కోసిన పెసర చెట్లను రోడ్డు మీద పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. ఇదీ అదేననుకుని, "మీదికెల్లి పోనియ్యుర్రి, పుణ్యమొస్తది" అని దోస్తులకు వినబడేలా అరిచాను.

చక్రం ఎక్కగానే చేపల వాసన కొట్టింది. బ్రేకు వేయొచ్చు. కానీ సైకిల్ మంచి ఊపులో ఉంది, వెనక వాళ్లు నవ్వుతున్నారు. చివరిదాకా తొక్కేశాను.

అవి నెత్తళ్లనే చిన్న చేపలు. వాటిని ఆరబెట్టుకున్న ముసలామె లేచి వచ్చింది.

"మా దిక్కు పంట మీద బండ్లు ఎక్కిస్తరవ్వా. గదే అనుకున్న" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "పోనీలే బాబూ. మేలు సేద్దామనే తొక్కినావు" అంది. తర్వాత గొంతుక్కూర్చుని, నా టైరు గాడుల్లో ఇరుక్కున్న చిన్న చేపలను వేలితో ఒక్కొక్కటే తీసింది. "ఈ కంపుకి కుక్కలు ఎంటబడతాయి."

వాసన తెలిశాక కూడా ఆగలేదని చెప్పడానికి నోరు రాలేదు.

మొన్న ఊరికి పోతే బాపు రోడ్డు మీద పెసర చెట్లు పరిచి, కట్టెతో తిరగేస్తున్నాడు. నేను సైకిల్ దిగి, అంచు వెంట నడిపించుకుంటూ దాటాను.

"ఏందిరా, ఎందుకు దిగినవు? మీదికెల్లి పోనియ్యకపోయినవా?" అన్నాడు.

బాపుకూ చెప్పలేదు.