గాజుగొట్టంలో తెలుపు

చిన్నప్పుడు నాకు లోకం సగమే కనిపించేది. నిద్ర లేచేసరికి కనురెప్పలు ఉబ్బి ఉండేవి. ఆ సన్నని సందులోంచి ప్రొద్దుటూరు వీధి, పాలవాడి సైకిలు, ముగ్గు వేస్తున్న అమ్మ, అన్నీ నీళ్ళలో తేలుతున్నట్టుండేవి. నాకది బాగానే ఉండేది. బాధంతా అమ్మది.

మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు నాది. ఐదో ఏట మొదలైంది. మాత్రలు వేసుకుంటే తగ్గేది, ఆపిన కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చేది. ఆ మాత్రలకు నా ముఖం పూరీలా పొంగితే, ఇరుగుపొరుగువాళ్ళు బుగ్గలు పుణికి, "పాప శానా బొద్దుగైంది, ఏం పెడ్తాండావుమ్మా?" అని అడిగేవాళ్ళు. అమ్మ నవ్వేసి, లోపలికి పోయి ఏడ్చేది. ఆ మెచ్చుకున్నవాళ్ళ మీద నాకిప్పటికీ కోపమే.

డాక్టరు నేర్పిన పరీక్ష అమ్మ రోజూ పొద్దున్నే చేసేది. నా మూత్రం గాజుగొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద కాచి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసేది. ఆ నీలిమంట పక్కన కూర్చుని నేను మళ్ళీ నిద్రలోకి జారుకునేదాన్ని. గొట్టం తేటగా ఉంటే బడి. పాలు విరిగినట్టు తెల్లగైతే జబ్బు తిరిగొచ్చినట్టే. జమ్మలమడుగులో పెద్దమ్మ ఇంటికి ప్రయాణం రద్దయ్యేది, ఇంటిల్లిపాదికీ ఉప్పులేని చప్పిడి కూడు. నేనొక్కదాన్నే తింటే ఏడుస్తానని నాన్న కూడా కిక్కురుమనకుండా తినేవాడు.

"పెద్దయ్యేకొద్దీ శానామందికి పోతాదమ్మా, కొందరికి తిరిగొస్తాది. చూసుకుంటా ఉండాల," అన్నాడు డాక్టరు. నాకు పదమూడో ఏట పోయింది. ఆ మాత్రల వల్ల పొడుగు మాత్రం పెద్దగా పెరగలేదు.

పోయినేడు ఏడో నెల కడుపుతో పులివెందులలోని అత్తగారింటి నుంచి పుట్టింటికి వచ్చాను. వారానికే పాదాలు ఉబ్బాయి. కడుపుతో ఉన్నవాళ్ళకు మామూలే అని ఎంత చెప్పుకున్నా మనసు ఒప్పలేదు. జబ్బు తిరిగొస్తే నాకూ, కడుపులో బిడ్డకూ ముప్పే. అమ్మ అలమరలోంచి ఆ గొట్టం తీసి, కడిగి, దీపం వెలిగించింది. కాచాక వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది.

"తెల్లగైంది కదమ్మా," అంటూ నేల మీద కూలబడింది.

గొట్టం లాక్కుని చూశాను. తేటగా ఉంది. గాజు వెనక నా వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి. అమ్మ నమ్మలేదు. ల్యాబుకు వెళ్తే ప్రోటీన్ లేదన్నారు. అటు నుంచి అటే అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు, బాగా ముదిరినవి.

"ఎన్నాళ్ళ నుంచి కనపడటం లేదు?" అని డాక్టరు అమ్మను అడిగాడు.

"రెండేండ్లయింటాది."

నాకు ఒళ్ళు మండింది. నేను పులివెందులలో ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున్నే వీడియో కాల్ చేసి, ముఖం వెలుతురులో పెట్టమనేది. "ఉబ్బేం లేదులే, బాగుండావు," అనేది. ఆ మాట వింటేనే నాకు ఆ రోజు గడిచేది.

"కనపడకుండానే అట్లెందుకు చెప్తాంటివి?"

"కనపళ్ళేదంటే నువ్వు భయపడతావు కదమ్మా. గొంతు బాగుండాది కదా అని చెప్తాంటి."

ఆటోలో అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆ రెండేళ్ళలో ముఖం వెలుతురులో పెట్టమని నేను అమ్మను ఒక్కసారీ అడగలేదు.