బొట్టు కింది బ్రౌజర్

తాడేపల్లిగూడెంలో మా బావగారి స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్తే ముందు కనబడేవి సామాన్లు కావు, బొట్లు. త్రాసుకి బొట్టు, గల్లాపెట్టెకి బొట్టు, గిన్నెల మీద పేర్లు చెక్కే మిషనుకి బొట్టు, ఆఖరికి ఫ్యాను స్విచ్చికి కూడా బొట్టు. వీటన్నిటి మధ్యా, నున్నటి బట్టతల కింద ఇంత బొట్టుతో ఆయన. పేరు కృష్ణమూర్తి. మా అక్క భాగ్యలక్ష్మి భర్త. నాది పక్క వీధిలో ఉల్లిపాయల వ్యాపారం. పొద్దున్నే లారీల పని అయిపోగానే వచ్చి, ఆయన కొట్లో కూర్చుని, ఆయన చేతే టీ తెప్పించుకుని, ఆయన్నే ఆటపట్టిస్తూ ఉంటాను. బావమరిదిగా పుట్టినందుకు ఆ మాత్రం హక్కు నాకుంది.

బావగారి లెక్కలో లోకంలోని వస్తువులు రెండే రకాలు: కలిసొచ్చినవి, కలిసిరానివి. కలిసొచ్చిన కుర్చీకి కాలు విరిగితే కాలు మార్పిస్తారు గాని కుర్చీని మార్చరు. కలిసొచ్చిన చొక్కా ఒకటుంది. పెళ్ళిళ్ళ సీజను మొదలవగానే ఆ చొక్కా బయటికి వస్తుంది, దాన్ని చూడగానే మా అక్కకి ఒళ్ళు మండుతుంది. మనిషి మాత్రం మెత్తన. ఎవరి మీదా గొంతు పెంచరు. ఏదైనా కాదనాలంటే "చూద్దాంలెండి" అంటారు, అంతే. ఆ మాట వచ్చిందంటే ఇక ఆ పని జరగదని బజారులో అందరికీ తెలుసు.

కొట్లో ఉన్న కంప్యూటరు కూడా కలిసొచ్చిన వస్తువే. అది వచ్చిన ఏడాదే ఏలూరులో రెండో కొట్టు తెరిచారు. ఇప్పుడు దాన్ని కొడుకు శ్రీకర్ చూసుకుంటున్నాడు. ఆ ఏడాది దసరాకి మా అక్క కొట్లోని పనిముట్లన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెడుతూ, కంప్యూటరు తెరకి కూడా ఒక బొట్టు పెట్టింది. అది సరిగ్గా వెళ్ళి ఇంటర్నెట్ తెరిచే బ్రౌజర్ గుర్తు మీద పడింది. ఆవిడేమీ చూసి పెట్టలేదు, చెయ్యి అక్కడికి అందింది, పెట్టింది. బావగారికి మాత్రం అందులో దేవుడి చెయ్యి కనబడింది. అప్పటినుంచి ఏటా దసరాకి పాత బొట్టు తుడిచి, మళ్ళీ ఆ గుర్తు మీదే కొత్త బొట్టు పెట్టించడం ఆచారమైపోయింది. క్రమంగా కొట్లో బ్రౌజర్ అన్న మాటే ఎవరూ వాడడం మానేశారు. "బొట్టు మీద నొక్కు" అంటే ఇంటర్నెట్ తెరవమని అర్థం. నెట్ బాగు చేయడానికి వచ్చిన మనిషి కూడా "బొట్టు తెరుచుకుంటోందాండీ" అనే అడిగేవాడు.

ఆ బ్రౌజర్ ఈ ఏడు మొండికేసింది. ఏ పేజీకి వెళ్ళినా 'ఇది పాతబడింది, కొత్తది వేసుకోండి' అనేది. సరే వేసుకుందామంటే, 'మీ కంప్యూటరే పాతది, కొత్తది దీనికి ఎక్కదు' అనేది. సరుకు పంపే కంపెనీల పేజీలు సగం తెరుచుకుని ఆగిపోయేవి. బావగారు ఏమీ అనుకోకుండా బజారులోకి వెళ్ళి ఫోన్లో మాట్లాడి పని కానిచ్చుకునేవారు. చిక్కంతా మా అక్క కోరిక దగ్గర వచ్చింది.

మా అక్క నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. పెళ్ళైన కొత్తలో తిరుమలలో కల్యాణోత్సవం చేయించుకుందామనుకున్నారు. అదే వారంలో కొట్టు తెరవాల్సి వచ్చి ఆగిపోయారు. ఆ తరవాత ఎన్నిసార్లు కొండకి వెళ్ళినా దర్శనం చేసుకుని పరుగున రావడమే. కల్యాణోత్సవానికి పట్టుబట్టలతో వెళ్తున్న జంటల్ని చూస్తూ అమ్మ నిలబడిపోతుందని శ్రీకర్ చెప్పేవాడు. ఈమధ్య అక్కకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆపరేషన్ తప్పదని, ఆ తరవాత ఇక నేల మీద కూర్చోకూడదని డాక్టరు చెప్పాడు. అప్పుడు అడిగింది.

"ఏవండీ, ఆపరేషన్ లోపల ఒక్కసారి స్వామి కల్యాణంలో మీ పక్కన కింద కూర్చుంటానండీ."

బావగారు 'చూద్దాంలే' అనలేదు. తల ఊపి, అటు తిరిగి, సర్ది ఉన్న గిన్నెల్నే మళ్ళీ సర్దడం మొదలుపెట్టారు. ఆయన కళ్ళు తడయ్యాయని నాకు తెలుసు.

ఆ టికెట్లు నెలకోసారి పొద్దున్న పదింటికి ఆన్‌లైన్లో వదులుతారు. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతాయి. కిందటి నెల శ్రీకర్ ఇంటి దగ్గర ఫోన్ పట్టుకుని కూర్చుంటే వరుసలో ఉండగానే అయిపోయాయి. ఈ నెల దొరకకపోతే ఆపరేషన్ తేదీ దాటిపోతుంది. కొట్లో ఫోన్‌తో ప్రయత్నిద్దామంటే, చుట్టూ ఇంత స్టీలు పేర్చుకుని కూర్చున్నచోట సిగ్నల్ ఎక్కడినుంచి వస్తుంది? కంప్యూటరుకైతే వైరు నెట్టు ఉంది, గట్టిగా ఉంటుంది. కానీ బ్రౌజర్ పడకేసింది.

శ్రీకర్ భార్య ఉషశ్రీ గుండుగొలను పిల్ల. పెళ్ళై వచ్చినప్పటినుంచి మధ్యాహ్నం దాకా మామగారితోపాటు కొట్లోనే ఉంటుంది. పాత కంప్యూటర్లకి కూడా ఎక్కే వేరే బ్రౌజర్ ఒకటుందని ఆ అమ్మాయే చెప్పింది.

"మామయ్యగారూ, అది వేసేస్తానండీ. పాతది ఎక్కడికీ పోదు, అలాగే ఉంటుంది."

"మూఢం నడుస్తోందమ్మా" అన్నారు బావగారు. "మూఢంలో మనం కొత్తది ఏదీ మొదలుపెట్టకూడదు. వెళ్ళాక చూద్దాంలే."

"మూఢం వెళ్ళేసరికి టికెట్లు అయిపోతాయండీ."

పక్కనే ఉన్న మా అక్క ముఖం చిన్నబోయింది. అయినా "మూఢం అయితే వద్దులే ఉషా, మంచిది కాదు" అంది. నాకు ఒళ్ళు మండింది.

"బావగారూ, మూఢంలో పెళ్ళిళ్ళు చేయరు, గృహప్రవేశాలు చేయరు. బ్రౌజర్ మార్చకూడదని ఏ పంచాంగంలో రాశారండీ?"

"రాయలేదు ప్రసాదూ. పంచాంగాలు మొదలైననాటికి బ్రౌజర్లు లేవు కదా" అన్నారు శాంతంగా. నేను టీ గ్లాసు అందుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళారు, అక్క కూడా వెళ్ళింది. ఉషశ్రీ కుర్చీ లాక్కుని కూర్చుంది. కొత్త బ్రౌజర్ దించింది. కాపురం మార్చేవాళ్ళు గరిటెలతో సహా తెచ్చుకున్నట్టు, పాతదాంట్లో దాచుకున్న పేజీలు, పాస్‌వర్డులు అన్నీ ఇందులోకి తెచ్చేసింది. ఆ తరవాత పాత గుర్తుని తెర కింది మూలకి జరిపి, కొత్త గుర్తుని లాక్కొచ్చి సరిగ్గా బొట్టు కింద పెట్టింది.

"అత్తయ్యగారికి కూడా చెప్పకండీ. ఆవిడ మామయ్యగారి దగ్గర ఏదీ దాచలేరు" అంది నాతో. నేను నోటికి తాళం వేసుకున్నాను. నా జీవితంలో అది చిన్న పని కాదు.

బావగారు వచ్చి, చెయ్యి తుడుచుకుని, కూర్చుని బొట్టు మీద నొక్కారు. కొత్త బ్రౌజర్ చకచకా తెరుచుకుంది. కాసేపు దానివంక చూశారు.

"ఇవాళ బాగానే వస్తోందే" అన్నారు. "దానంతట అదే సర్దుకుంది. కలిసొచ్చిన వస్తువు మనల్ని చెయ్యి విడవదమ్మా."

ఉషశ్రీ గబగబా అటు తిరిగి ఒక గంగాళం తుడవడం మొదలుపెట్టింది. నవ్వుతున్న ఆ ముఖం గంగాళంలో ఇంత వెడల్పున కనబడుతూనే ఉంది. నాకు టీ కొరపోయింది.

టికెట్లు వదిలే రోజు రానే వచ్చింది. అక్క తలంటుకుని, జరీచీర కట్టుకుని, కుంకుమభరిణె పట్టుకుని కొట్టుకి వచ్చింది. ఉషశ్రీ వెనక గదిలో ఆధార్ కార్డులు వెతుకుతోంది. నేను గుమ్మంలో కొల్లేటికోట వెంకట్రాజుగారితో మాట్లాడుతున్నాను. చేపల చెరువు పట్టుబడి నాడు మనుషులకి వంటలు చేయడానికి పెద్ద గంగాళాలు కావాలని వచ్చారాయన. పదింటి పని అయ్యాక చూపిస్తామంటే, "పర్లేదండీ, కూర్చుంటాను, దేవుడి పని కదండీ" అన్నారు.

ఈలోగా మా అక్క చేయాల్సింది చేసేసింది. మంచి పని మొదలుపెట్టేముందు తెర మాసి ఉంటే బాగోదని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది. బొట్టు పోయింది. తాజాగా మళ్ళీ పెడదామని, ఏటా తను పెడుతున్న ఆ పాత గుర్తు కోసం వెతికింది. అది కింది మూలన కనబడింది. దేవుణ్ణి తలుచుకుని, దాని మీద నిండుగా బొట్టు పెట్టింది.

పదయింది. బావగారు దండం పెట్టుకుని, బొట్టు ఎక్కడుందో చూసి నొక్కారు. పాత బ్రౌజర్ తెరుచుకుంది. 'ఇది పాతబడింది' అంది.

మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే. "నేను ముట్టుకోకుండా ఉండాల్సిందండీ" అంది అక్క. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. ఉషశ్రీ పరిగెత్తుకొచ్చి, తెర చూసి, ఏం జరిగిందో తెలుసుకుని కొయ్యబారిపోయింది. చెబితే మూఢంలో కొత్తది మొదలుపెట్టినట్టు బయటపడుతుంది. ఆయన ఇక దాని జోలికి పోరు. చెప్పకపోతే టికెట్లు పోతాయి. "మామయ్యగారూ, అదీ..." అని ఆగిపోయింది.

బావగారు తల తిప్పలేదు.

"ఉషమ్మా, నువ్వు వేసిన కొత్తది ఎక్కడుందమ్మా? తొందరగా చెప్పు."

ఉషశ్రీ వేలు పెట్టి చూపించింది. అక్కడ బొట్టు లేదు, బోసిగా ఉంది. బావగారు తన నుదుటి మీద వేలు రాసి, ఆ కుంకుమ తీసి ఆ గుర్తు మీద అద్ది, నొక్కారు. తెరుచుకుంది. వరుసలో నిలబెట్టింది. వరుస కదిలింది. పేర్లు, ఆధార్లు ఉషశ్రీ గబగబా కొట్టింది. డబ్బు కట్టబోతే ఓటీపీ పంపామంది. అది వచ్చేది ఫోన్‌కి. ఫోన్‌కేమో కొట్లో సిగ్నల్ లేదు.

ఆయన ఫోన్ లాక్కుని నేను బజారులోకి పరిగెత్తాను. నా వయసుకి, నా పొట్టకి అది చూడముచ్చటైన పరుగు కాదు. రోడ్డు మధ్యలో రిక్షాకి అడ్డంగా నిలబడితే ఫోన్ మోగింది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని అందులోనే రాసి ఉంది. నేను బజారంతటికీ వినబడేలా చెప్పాను. గుమ్మంలో ఉన్న వెంకట్రాజుగారు ఒక్కో అంకే లోపలికి అందించారు.

నేను ఆయాసపడుతూ తిరిగొచ్చేసరికి మా అక్క కుర్చీలో కూర్చుని, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూ నవ్వుతోంది. టికెట్ వచ్చింది. ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి.

ఊపిరి కుదుటపడగానే నాకు కోపం గుర్తొచ్చింది.

"ఏం బావగారూ, మీకెప్పుడు తెలిసిందండీ?"

"మొదటి రోజే. ఇన్నేళ్ళు నా ఎదురుగా కూర్చున్న మనిషిని లేపి ఇంకొకర్ని కూర్చోబెడితే తెలియదూ?"

"మరి తెలియనట్టు ఎందుకున్నారు?"

"తెలిసిందంటే నేను మొదలుపెట్టినట్టవుతుంది. మూఢంలో నేను మొదలుపెట్టకూడదు. అమ్మాయి చేసింది, నేనడగలేదు. పని జరిగితే చాలనుకున్నాను."

ఉషశ్రీ తల దించుకుని నవ్వుకుంటోంది. నేను వదల్లేదు. "ఇవాళ మాత్రం అడిగి మరీ నొక్కారు. బొట్టు కూడా పెట్టారు. మరి మూఢం సంగతేమిటి?"

బావగారి నుదుట బొట్టు సగం చెరిగి ఉంది. ఆయన నావంక కాదు, మా అక్కవంక చూశారు.

"మూఢం కొత్తవాటికి ప్రసాదూ. మా పెళ్ళి పాతదే కదా."

మా అక్క మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, భరిణె మూత తీసి, ఆయన నుదుట చెరిగినచోట మళ్ళీ బొట్టు దిద్దింది. ఆయన కదలకుండా కూర్చుని పెట్టించుకున్నారు. తరవాత లేచి, "రండి వెంకట్రాజుగారూ, గంగాళాలు చూద్దురుగాని" అన్నారు.