లెక్కల టీచరు జీతం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో అనకాపల్లిలో ఒక ట్యూషన్ సెంటర్లో పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. నెలకి పదిహేను వందలు. అమ్మా నేనూ అన్నయ్య ఇంట్లో ఉండేవాళ్ళం, వదిన చేత మాటలు పడుతూ. పద్దెనిమిది వందలొస్తే వేరే పోర్షన్ తీసుకుందామని అమ్మకి మాటిచ్చాను.

ఆ జూన్‌లో సెంటరు యజమాని పిలిచాడు. "ఇకనుంచి ఆరొందలు జీతం, పైన పిల్లోడికి యాభై. ఎంతమందొత్తే అంత నీదే. పాత జీతమే కావాలంటే అదే ఉంచుకోమ్మా."

అక్కడే కాగితం మీద వేశాను. ఆరు వందలకి యాభై ఎక్స్ కలిపితే పదిహేను వందలు దాటాలి. అంటే ఎక్స్ పద్దెనిమిది దాటాలి. ముందటేడు నా దగ్గరున్నది పన్నెండుమందే, కానీ అందరూ పాసయ్యారు. సబ్బవరం నుంచి కూడా అడుగుతున్నారు. ఇరవై నలుగురు ఖాయం అనుకుని ఒప్పుకున్నాను. లెక్కలొచ్చన్న పొగరు కూడా ఉంది, అబద్ధమెందుకు.

పదిహేనుమంది చేరారు. పదహారో పిల్లని యజమాని పక్క గదిలో తన అల్లుడి బ్యాచ్‌కి పంపేశాడు. పదిహేడో వాణ్ణీ అంతే. నెలాఖరుకి నా చేతికి పదమూడు వందల యాభై వచ్చాయి. ఒళ్ళు మండి నిలదీశాను.

"నీ గదిలో బల్లలు ఐదు. బల్లకి ముగ్గురు. అది సూసుకోకుండా ఒప్పుకున్నావేటమ్మా, లెక్కల టీచరువి?"

ఆరో బల్ల నేనే కొంటానన్నాను. "పెట్టడానికి సోటేదీ?" అని నవ్వేడు. పోనీ పాత జీతమే ఇమ్మన్నాను. "మార్చి దాకా ఇదే. నువ్వొప్పుకున్నదే కదా."

ఆ సాయంత్రం బోర్డు మీద రెండు ముక్కలు రాశాను. ఎక్స్ పద్దెనిమిది కన్నా ఎక్కువ. ఎక్స్ పదిహేను దాటకూడదు. ఎక్స్ ఎంత?

పిల్లలు గీకి గీకి ఊరుకున్నారు. "ఏదీ అవదు టీచర్," అంది ముందు బల్ల పిల్ల.

"అవదు! ఇలాంటి బేరం ఎవడు తెచ్చినా ఒప్పుకోకండి," అని పక్క గదికి వినపడేలా అరిచాను. పిల్లలు బెదిరిపోయారు. నాకేం చల్లారలేదు.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. ఆమె మంచం కిందనుంచి ఒక కిరసనాయిలు స్టవ్ బయటికి లాగింది. కొత్తది. వేరు కాపురానికని ముందే కొనేసిందట.

"కొట్టోడు దీన్ని ఎనక్కి తీసుకుంటాడంటావేటే?" అని అడిగింది.

ఆ క్షణాన ఆ యజమాని పీక పిసకాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.