మిగిలిన మాత్రలు

రోగి మంచం దగ్గర పుట్టిన ప్రశ్నకు మందు వెతకడం నేర్పే ఆ పెద్ద డాక్టరమ్మను కుర్ర డాక్టర్లు చాటుగా ‘లెక్కల మేడమ్’ అంటారు. వాళ్ల పరిశోధనలకు నిధుల కోసం కాళ్లరిగేలా తిరిగేదీ ఆవిడే, కొత్త మందు పరీక్షించే ట్రయల్‌లో ఉన్న రోగి వెనక్కిచ్చిన సీసాలో ఒక్క మాత్ర తేడా వస్తే ఉతికి ఆరేసేదీ ఆవిడే. ఎవరికి అసలు మందు పడుతోందో, ఎవరికి ఉత్త పిండిబిళ్ల పడుతోందో చివరిదాకా ఎవరికీ తెలియకూడదని చెబుతూ, కళ్లజోడు తీసి రెండు కళ్లూ గట్టిగా మూసి చూపిస్తుంది.

ఒక శిష్యురాలు నడిపే ట్రయల్‌లో చేరిన ఆవిడ సొంత చెల్లెలు చనిపోయింది. వారం గడిచినా, మిగిలిన మాత్రల సీసా అడగడానికి శిష్యురాలికి నోరు రాలేదు. ఆవిడే తెచ్చి బల్ల మీద పెట్టింది.

“లెక్కపెట్టు తల్లీ.”

అమ్మాయి మాత్రలు పళ్లెంలో పోసి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఉండాల్సినన్ని లేవు. తలెత్తకుండానే, “కిందపడి పోయాయని రాసేస్తాను మేడమ్,” అంది.

“నేను నీకు నేర్పింది అదా?” అని కసిరింది గానీ ఆవిడ గొంతులో పస లేదు. “ఏదో ఒకటి చెయ్యక్కా అని చెయ్యి పట్టుకుంది. చివరి రోజుల్లో పూటకి ఒకటి బదులు రెండేసి వేశాను. అలాగే రాయి.”

కళ్లజోడు తీసింది. అలవాటుగా రెండు కళ్లూ మూసుకుంది.

“ఇన్నాళ్లూ దానికి అసలు మందే పడుతుండాలని దేవుడికి మొక్కుకున్నాను. ఇప్పుడేమో, అవి ఉత్త పిండిబిళ్లలే అయ్యుండాలని మొక్కుకుంటున్నానమ్మా.”