కొక్కెం తీసిన మొహరు

పొద్దున ఏడింటికి జగిత్యాలలో కోరుట్ల బస్సెక్కాను. తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులు. వేములవాడ దారి బందని విని, కోరుట్ల నుంచి చందుర్తి మీదుగా సిరిసిల్ల చేరాలనుకున్నాను. అక్కడ బీడీలు చేసే ఎల్లవ్వ దగ్గర పాత మొహరు ఉంది. సుత్తెతో కొట్టి ముద్రవేసిన బంగారు నాణెం, అంచుదాకా ఫారసీ అక్షరాలు. ఆమె కొడుకు పంపిన ఫొటో చూసినప్పటి నుంచి, పాత నాణేలు కొనే నాకు నిద్రలేదు.

కోరుట్లలో నడిరోడ్డు మీదే ఉద్యమకారుల వంటావార్పు. బస్సు ఆగిపోయింది. పొయ్యి దగ్గరున్నాయన విస్తరి చేతిలో పెట్టి, "తిను సారూ, గిప్పట్ల కదిలేదేం లేదు" అన్నాడు. పప్పన్నం బాగుంది. తర్వాత ట్రాలీ ఆటో దొరికి సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ఎల్లవ్వ బీడీల చాట జరిపి, మంచినీళ్లిచ్చి, కొంగుముడి విప్పింది. నాణేన్ని వెలుతురుకు పట్టి చూశాను. ఫొటోలో ఉన్న, గొలుసుకు గుచ్చే కొక్కెం లేదు. ఆ చోటంతా ఆకురాయితో రాసేశారు. బాదుషా పేరు సగం పోయింది.

"మీరే అంటిరి గద సారూ, కొక్కెముంటే పనికిరాదని! బంగారం పనిజేసే అవుసులాయనతోని తీపిచ్చిన. ఎంత నున్నగ జేసిండో సూడుండ్రి" అంది మురిసిపోతూ.

ఫోన్లో అన్నమాట నిజమే. ధర తగ్గించడానికి ఎక్కడైనా అలాగే అంటాను. నా నోరు పడిపోను! మగ్గాలు బందై కొడుకు ఖాళీగా ఉంటేనే ఆమె అమ్మకానికి ఒప్పుకుంది.

"అక్షరాలు పోయాయమ్మా" అన్నాను. ఆమె మొహం వాడిపోయింది. సిగ్గుతో, అనుకున్న ధరే ఇస్తానన్నాను.

"పనికిరానిదానికి పైసలెట్ల తీసుకుంట? తప్పు గాదు?"

అంతలో పక్కింటామె ఉరికొచ్చింది. "ఎల్లవ్వా, మా కోడలికి నొప్పులు మొదలైనయ్. అమ్మకముందు ఒక్కపారి బిళ్ల ఇయ్యవా!"

ఆ వాడలో ఏ ఆడమనిషి కానుపైనా ఈ నాణేన్నే దారంతో మెడలో కడతారట. ఎల్లవ్వ దారం తెచ్చి, గుచ్చబోయి ఆగిపోయింది. కొంగు అంచు చింపి, నాణేన్ని మూటగట్టి ఇచ్చింది.

"గిట్లనే కట్టుండ్రి. జారనియ్యకుండ్రి."

నన్ను ఒక్క మాటనలేదు. తిట్టినా బాగుండేది. "ఎండలవడి అచ్చిండ్రు, బువ్వ తినిపోండ్రి" అంది. ఉండలేక లేచాను.

ఈ దారిన నాణేలకోసం వెళ్లేవారు కొక్కెం కనబడితే, అది ఎవరి మెడకోసమో ముందు అడగండి. నేనడగలేదు.

తిరుగు బస్సులో పక్కాయన, "సిరిసిల్లకు ఏం పనిమీద అచ్చినవ్ సారూ?" అనడిగాడు.

"చుట్టాలింటికి" అని అబద్ధమాడాను.

"మంచిగ అర్సుకున్నరా, మర్యాద జేసిండ్రా?"

తల దించుకున్నాను. "మంచిగనే అర్సుకున్నరు."