మధ్యగది జీరో బల్బు

లోకాన్ని బాగుచేయడానికి ఇరవై నాలుగేళ్ల వయసూ, ఒక రూళ్ల నోటుపుస్తకమూ ఉంటే చాలునని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఇప్పుడు వయసు యాభై దాటింది, నోటుపుస్తకాలు నలభై ఒకటయ్యాయి, లోకం సంగతి మీకు తెలిసిందే. తీరిక దొరికినప్పుడు ఆ పాత పుస్తకాలు తిరగేస్తుంటే చాలా పేజీల దగ్గర నవ్వు వస్తుంది. ఒక్క పేజీ దగ్గర మాత్రం నవ్వు మొదలై మధ్యలో ఆగిపోతుంది. 1998 ఏప్రిల్ ఇరవై ఆరు, ఆదివారం. అందులో నా చేతిరాతతో ఉన్న చివరి వాక్యం: "నేడు ఏడు బకెట్ల నీరు మొక్కలకు మళ్లింది."

అప్పట్లో మేము భవానీపురంలో వరసగా ఉన్న అయిదు వాటాల్లో మూడోదానిలో అద్దెకుండేవాళ్లం. రైలుపెట్టెలాగా ఒకదాని వెనక ఒకటిగా మూడు గదులు: ముందుగది, మధ్యగది, వంటిల్లు. మధ్యగదికి రెండువైపులా పక్కవాటాల గోడలే కనుక కిటికీ పెట్టే వీలు లేదు. అందువల్ల ఉదయం ఏడింటి నుంచి సాయంత్రం అయిదింటి వరకు అక్కడ ఒక జీరో బల్బు వెలుగుతూ ఉండేది. నాన్నగారు ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఒకటో, మూడో ఆదివారాల్లో మాత్రమే ఇంటికి వచ్చేవారు. మిగిలిన రోజుల్లో ఇంట్లో అమ్మ, నాయనమ్మ, నేను. ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చి మూడు నెలలయింది. ఇంట్లో నా మాటకు మెల్లగా విలువ పెరుగుతోందని నేను అనుకుంటున్న కాలం (అలా అనుకుంటున్నది నేనొక్కణ్ణే).

మంగలి షాపులో వంతు కోసం కూర్చున్నప్పుడు ఒక పాత వారపత్రికలో 'పర్యావరణాన్ని కాపాడే పదిహేడు చిన్న పనులు' అనే వ్యాసం కనబడింది. షాపు యజమానిని అడిగి ఆ పేజీ చింపుకుని వచ్చి, అన్నం తినకుండా నాయనమ్మ ముందు కూర్చుని పెద్దగా చదివాను. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు పోయండి. కూరలకు గుడ్డసంచి తీసుకెళ్లండి. తొక్కలు పారేయక ఎరువు చేయండి. పాతచీరలతో బొంతలు కుట్టించండి. నాయనమ్మ మెడ ముందుకు చాచి అంతా శ్రద్ధగా విన్నది.

"బానే ఉంది కానీ, ఇవన్నీ చెయ్యకపోతే మరేం చేస్తార్రా?" అని అడిగింది.

లెక్క చూస్తే పదిహేడింటిలో పదిహేను ఆవిడ అరవై ఏళ్లుగా చేస్తున్నవే. పదహారోది సొంత వాహనం మాని బస్సులో తిరగడం. సైకిలు కూడా లేని నాకు అది అప్పటికే పూర్తయిన ఘనకార్యం. ఇక లోకానికి నేను చేయగలిగింది పదిహేడోదొక్కటే మిగిలింది: అనవసరమైన దీపాలు తీసివేయడం.

మర్నాటి నుంచి ఉదయం ఆరింటికి మీటరు చూసి పుస్తకంలో ఎక్కించడం మొదలుపెట్టాను. ఫ్యాను గదిలో మనిషి ఉంటేనే తిరగాలి. రేడియో వార్తలకే మోగాలి. వారం తిరిగేసరికి రోజుకు నాలుగు యూనిట్ల వాడకం మూడుకు దిగింది. తరువాత నా చూపు జీరో బల్బు మీద పడింది.

"జీరో బల్బుకు కరెంటు కాలదురా. అందుకేగా దాన్ని జీరో అన్నారు," అంది అమ్మ.

వాదించలేదు. ఇంట్లో అన్నీ కట్టేసి, జీరో బల్బు ఒక్కటే వెలిగించి, అమ్మను మీటరు దగ్గరకు తీసుకెళ్లి నిలబెట్టాను. లోపలి చక్రం చాలా నెమ్మదిగా, కానీ తిరుగుతూనే ఉంది. అది పూర్తిగా ఒక చుట్టు తిరిగేదాకా ఆవిడను కదలనివ్వలేదు. పొయ్యి మీద పప్పు మాడింది.

"చూశావా? పదిహేను వాట్లు. పది గంటలకు పాయింటు పదిహేను యూనిట్లు," అన్నాను.

"చూశాను. మాడిన పప్పుకు ఎన్ని వాట్లో అది కూడా రాసుకో," అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఏప్రిల్ ఏడో తేదీ ఉదయం స్టూలెక్కి ఆ బల్బు తీసి, కాగితంలో చుట్టి, నా ట్రంకుపెట్టెలో దాచాను. అమ్మ ముఖం మాడ్చుకుంది. నా పక్షాన నిలిచింది నాయనమ్మ ఒక్కతే. ఆవిడకు రెండు కళ్లలోనూ శుక్లాలు. "వాడి ముచ్చట వాణ్ణి తీర్చుకోనీవే, పిల్లాడు," అంది అమ్మతో. "నాకీ ఇంట్లో నడవడానికి దీపమెందుకు? ముందుగుమ్మం నుంచి వంటింటి గుమ్మానికి పద్నాలుగడుగులు. నా కాళ్లకు తెలుసు." ఆ పద్నాలుగు సంఖ్యను ఆ రోజు పుస్తకంలో మెచ్చుకోలుగా రాసుకున్నాను. ఇంట్లో లెక్క తెలిసిన మనిషి ఇంకొకరున్నారని సంబరం.

పంతొమ్మిదో తేదీ మూడో ఆదివారం కావడంతో నాన్నగారు వచ్చారు. మధ్యగదిలో గోడ తడుముకుంటూ, "బల్బు పోయిందేంరా?" అన్నారు.

"పోయిందండీ," అన్నాను (తీసేసిన బల్బు పోయినట్టే కదా అని నా సమర్థన).

"రేపే కొత్తది తెచ్చి పెట్టు. నాయనమ్మకు అసలే చూపు ఆనదు."

"అలాగేనండీ."

ఆయనకు ఎదురుచెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. చెప్పినట్టు చేసే ఉద్దేశం నాకూ లేదు. అమ్మ అక్కడే ఉండి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఊరుకుంది.

తరువాతి ఆదివారం, అంటే ఇరవై ఆరున, కడుగునీళ్లను వంటింటి నుంచి ముందున్న కుండీలకు మోసే పని నేనే చేస్తున్నాను. ఏడో బకెట్టు తెస్తుండగా, అది ఏడోదో ఎనిమిదోదో అనుమానం వచ్చింది. బకెట్టు మధ్యగదిలో దించి, ముందుగదిలోకి వచ్చి, పుస్తకం తెరిచి, గీతలు లెక్కపెట్టి, "ఏడు" అని రాశాను. అదే సమయానికి నాయనమ్మ సాయంత్రం కాఫీ కోసం వీధరుగు మీద నుంచి లేచి, నన్ను దాటుకుని లోపలికి వెళ్లింది. నేను తల ఎత్తలేదు. ఆవిడ అడుగులు లెక్క ప్రకారమే పడ్డాయి. అయిదో అడుగులోనో ఆరో అడుగులోనో బకెట్టు చప్పుడయింది. నీళ్లు ముందుగదిలోకి, నా కాళ్ల దాకా వచ్చాయి.

పక్కవాటాలో వాచీలు బాగుచేసే సాయిబుగారుండేవారు. వరసలో అందరికీ ఆయన గడియారాల బాబాయి. అమ్మ కేక విని మొదట వచ్చింది ఆయనే. క్షణాల్లో ఆటో పిలుచుకొచ్చి, నాయనమ్మను తన చేతుల మీద ఎత్తి కూర్చోబెట్టారు. అమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. ఆటోలో నాకు చోటు లేదు. ఆటో మలుపు తిరిగాక నేనేం చేశానో చెప్పకపోతే ఈ జ్ఞాపకానికి అర్థం లేదు. తలుపు దగ్గరగా వేసి, ట్రంకుపెట్టెలోని బల్బు తీసి, స్టూలెక్కి, హోల్డరులో బిగించాను. దిగి చూసేసరికి గడియారాల బాబాయి గుమ్మంలో ఉన్నారు.

"దవాఖానాలో కట్టడానికి పాతచీర తెమ్మంది మీ అమ్మ," అన్నారు. బల్బు వైపు చూసి, నా వైపు చూసి, చేతిగడియారంలో టైము చూసుకున్నారు. "పద బాబూ, పద. సందు చివర ఇంకో ఆటో ఆపాను."

తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో ఆపరేషను తట్టుకోలేదని డాక్టరుగారు చెప్పారు. కబురందుకుని నాన్నగారు చీకటిపడేలోగా ఉయ్యూరు బస్సులో వచ్చి, "ఎలా పడ్డావమ్మా?" అని అడిగారు.

నేను మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నాను. నాయనమ్మ నన్ను వెతకలేదు. "పిల్లిరా," అంది. "కాళ్లకు అడ్డంపడింది. మాయదారి పిల్లి."

ఆ పిల్లికి ముందు రంగు లేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు అడిగేకొద్దీ గోధుమ రంగు వచ్చింది, తరువాత తోక కొసన తెలుపు వచ్చింది, మే నెలాఖరుకు ఒక చెవి తెగింది. నాన్నగారు వచ్చిన ప్రతి ఆదివారమూ కర్ర పుచ్చుకుని పెరడంతా దాని కోసం గాలించేవారు. మంచాల కింద చూడడానికి టార్చిలైటు పట్టే ఉద్యోగం నాది. "అటు కాదు, ఆ మూలకు పట్టు," అనేవారు. పట్టేవాణ్ణి. నా పాపానికి వీధిలోని నాలుగు నల్లపిల్లులు చెప్పుదెబ్బలు తిన్నాయి.

"ఈ వరసలో గోధుమ రంగు పిల్లి లేదు బాబూ," అన్నారొకసారి గడియారాల బాబాయి, కంటికి భూతద్దం అలాగే ఉంచుకుని. "నువ్వు చెప్పొచ్చుగా?"

చెప్పలేదు. ప్రతి ఆదివారం చెబుదామనుకోవడమూ, టార్చి పట్టుకోవడమూ అయ్యేవి. నాయనమ్మ మాత్రం మంచంలో నుంచే సాయంత్రాలు అడిగేది, "ఇవాళ ఎన్నొచ్చాయిరా?" అని. మీటరు చూడడం ఆ రోజుల్లో మానేశాను. అయినా "మూడే నాయనమ్మా" అనేవాణ్ణి. జీవితంలో నేను చెప్పిన తప్పుడు అంకెలన్నీ ఆ మంచం పక్కన చెప్పినవే. "నయం," అని కళ్లు మూసుకునేది. అలా ఏడాదీ రెండు నెలలు ఉండి వెళ్లిపోయింది. ఆ పద్నాలుగడుగులు మళ్లీ నడవలేదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక నాన్నగారు అరుగు మీద ఒంటరిగా కూర్చున్నారు. ఇక దాచకూడదని నిశ్చయించుకుని లేచాను. మధ్యగదిలో అమ్మ ఎదురైంది. జీరో బల్బు వెలుగులో నా ముఖం చూసి సంగతి పట్టేసింది.

"ఎక్కడికి?"

"నాన్నగారికి చెప్పేస్తానమ్మా. పిల్లీ లేదు, ఏమీ లేదని."

అమ్మ చేతిలోని విస్తళ్ల కట్ట కింద పెట్టింది. "బల్బేదని ఆయన అడిగిన రోజున నేనూ నోరు మూసుకున్నాను," అంది నెమ్మదిగా. "ఆ పిల్లిని ఆవిడ ఏడాది పెంచుకుందిరా, నీ కోసం. నువ్వు చంపకు."

తిరిగి వచ్చి కూర్చున్నాను. నాన్నగారు పోయేదాకా పిల్లుల్ని క్షమించలేదు.

పుస్తకంలో ఆ తరువాతి పేజీలో ఒక లెక్క ఉంది. బల్బు లేని పూర్తి రోజులు పంతొమ్మిది. రోజుకు పాయింటు పదిహేను చొప్పున మొత్తం ఆదా రెండు పాయింటు ఎనభై అయిదు యూనిట్లు. దాని కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. ఎన్నిసార్లు కూడినా అంతే వస్తుంది.

నేను ఇప్పటికీ గుడ్డసంచితోనే బజారుకు వెళతాను. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకే పోస్తాను. ఆ పదిహేను పనుల్లో లోపం లేదు, అవి నాయనమ్మవి. మా అపార్టుమెంటులో హాలుకూ వంటింటికీ మధ్యనున్న నడవాలో మాత్రం పగలంతా ఒక చిన్నదీపం వెలుగుతుంది. అమ్మాయి స్కూలు నుంచి వస్తూనే దాన్ని కట్టేస్తుంది. వెనకే వెళ్లి నేను వేస్తాను.

"రోజూ మీటరు లెక్కలు రాసే మనిషివి. ఎవరూ లేనిచోట లైటెందుకు నాన్నా?" అని నిలదీసింది మొన్న.

"పిల్లి తిరుగుతుందమ్మా," అన్నాను. "గోధుమ రంగుది. కాలికి అడ్డంపడుతుంది."

అమ్మాయి వంగి, నడవా అంతా శ్రద్ధగా చూసింది. అలవాటు చొప్పున టార్చి కోసం నా చెయ్యి జేబులోకి వెళ్లింది.